ఓటమి ఒప్పుకోలు: కర్నూలు, కడప జిల్లాల ఎన్నికల్లో

ఎన్నికల్లో ఓడిన అభ్యర్థి ఆ సంగతిని నలుగురి ముందూ అంగీకరించడమే ఓటమి ఒప్పుకోలు. రిగ్గింగు జరిగిందనో, లెక్కలో తిరకాసు ఉందనో అభ్యర్థి పట్టుబట్టినప్పుడు ఇక చాలించమని గెలిచినవాళ్లు, అధికారులు, ఊరివాళ్లు, ఒక్కోసారి సొంతవాళ్లే అతని మీద ఒత్తిడి తెస్తారు. ఆ ఒత్తిడి ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ రూపంలో వస్తుందన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కర్నూలు, కడప జిల్లాల్లో చాలాసార్లు అది ఫలితం వచ్చేదాకా ఆగదు. నామినేషన్లు ఉపసంహరించుకునే రోజు మధ్యాహ్నానికే పని ముగుస్తుంది. ఇక్కడి ఎన్నికల చరిత్రను గెలిచినవారి మెజారిటీలతో చెప్పడం అలవాటైపోయింది. ఓడినవారి వైపు నుంచి చూస్తే అదే చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

చట్టంలో ఒప్పుకోలుకు చోటు లేదు

ఓడినవాడు గెలిచినవాడికి అభినందనలు పంపే ఆనవాయితీ అమెరికాలో 1896లో మొదలైంది. ఆ ఏడు విలియం జెన్నింగ్స్ బ్రయన్ తన ప్రత్యర్థి మెకిన్లీకి టెలిగ్రాం కొట్టాడు. 2000లో ఆల్ గోర్ ఫోన్ చేసి బుష్‌ను అభినందించాడు. ఫ్లోరిడా లెక్క మారుతోందని తెలియగానే మళ్లీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డిసెంబరు 13న గానీ ఓటమి ఒప్పుకోలేదు. గాంబియా అధ్యక్షుడు యాహ్యా జామే 2016లో ముందు ఒప్పుకుని, వారం తిరగకుండానే మాట మార్చాడు. 2017 జనవరిలో పొరుగు దేశాల సైన్యం సరిహద్దు దాటి వచ్చాక దేశం విడిచి వెళ్లాడు.

మన దేశంలో ఆ ఫోనుకూ టెలిగ్రాముకూ చట్టపరంగా విలువేమీ లేదు. రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించి, గెలిచినవారి చేతిలో ధ్రువపత్రం పెడితే ఎన్నిక ముగిసినట్టే. ఓడినవాళ్లు శిరసావహించినా, శాపనార్థాలు పెట్టినా ఆ కాగితం మారదు. ఆ తర్వాత దాన్ని మార్చగలిగేది కోర్టు ఒక్కటే. రాజ్యాంగంలోని 329(బి) అధికరణ ప్రకారం ఎన్నికను ప్రశ్నించడానికి ఎన్నికల పిటిషన్ తప్ప మరో దారి లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఆ పిటిషన్‌కు 45 రోజుల గడువు ఇచ్చింది. మొదట్లో వీటిని ట్రిబ్యునళ్లు విచారించేవి, 1966 నుంచి హైకోర్టులు విచారిస్తున్నాయి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆ మాట నిలబడిన కేసులు అరుదు.

ఈ చట్టంలో రెండు సంగతులు రాయలసీమ రాజకీయానికి బాగా పనికొస్తాయి. పిటిషన్ వేసే హక్కు ఓడిన అభ్యర్థికే కాదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరుకైనా ఉంది. కాబట్టి అభ్యర్థిని లొంగదీసుకున్నంత మాత్రాన వివాదం ముగియదు. రెండోది, పిటిషన్ వేసినవారు తమంతట తాము దాన్ని వెనక్కి తీసుకోలేరు, కోర్టు అనుమతి కావాలి. ఉపసంహరణ వెనక ఇచ్చిపుచ్చుకోవడం ఏదో ఉందని అనిపిస్తే కోర్టు ఒప్పుకోదు. మరొకరు ముందుకొచ్చి కేసు నడపవచ్చు కూడా. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని "రాజీ అయిపోయినారు" అని చెప్పుకునే రాజీలు ఇక్కడ చెల్లవని చట్టం రాసినవాళ్లు ముందే అనుకున్నారన్నమాట. ఇంతా చేసి పిటిషన్‌తో కోర్టులో కట్టాల్సిన ధరావతు 2,000 రూపాయలే. లాయరు ఫీజు సంగతి వేరు.

ఫారం 20 మీద సంతకం పడేలోపు

లెక్కింపు గదిలో మాత్రం ఒప్పుకోలు చాలా చిన్న విషయంగా, చాలా కొద్ది సేపట్లో జరిగిపోతుంది. మామూలుగా 14 బల్లలు, వాటికి ఇవతల ఇనుప జాలీ, జాలీకి ఆనుకుని అభ్యర్థుల ఏజెంట్లు. కంట్రోల్ యూనిట్ మీద ఫలితం మీట నొక్కగానే అంకెలు వరుసగా కనిపిస్తాయి. ఏజెంటు వాటిని తన కాగితం మీద రాసుకుంటాడు. పోలింగు రోజు సాయంత్రం తమ బూత్ ఏజెంటు తెచ్చిచ్చిన ఫారం 17సి నకలులోని మొత్తంతో పోల్చుకుంటాడు. రౌండు రౌండుకూ లీడ్ అటూ ఇటూ ఊగితే బయట టీ బంకు దగ్గర నిలబడ్డ జనం ముఖాలూ అలాగే మారుతుంటాయి.

చివరి రౌండు అయ్యాక మొత్తం ఓట్లు ప్రకటిస్తారు. ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 63వ నియమం ప్రకారం అభ్యర్థి గానీ ఏజెంటు గానీ తిరిగి లెక్కించమని అప్పుడే, అక్కడే, కారణాలతో సహా రాతపూర్వకంగా అడగాలి. అధికారి దాన్ని పూర్తిగానో కొంతవరకో ఒప్పుకోవచ్చు, అర్థం లేని అర్జీ అని తోసిపుచ్చనూవచ్చు. ఫారం 20 అనే తుది లెక్కపత్రం మీద ఆయన సంతకం పడిందా, ఇక ఏ అర్జీనీ తీసుకోరు. అర్జీ పెట్టుకోవడానికి తగినంత వ్యవధి ఇవ్వాలని నియమమే చెబుతున్నా, ఆ "తగినంత" ఎంతో ఎక్కడా రాయలేదు. తెల్లవారుజాము నుంచి నిలబడి అలసిపోయిన సిబ్బంది, అవతల పూలదండలు పట్టుకుని తొందరపెడుతున్న గెలుపువర్గం, ఓడబోయే అభ్యర్థి చెవిలో "సాల్లే అన్నా, రాసుకోనీ" అనే సొంత మనిషి. చాలామంది ఓటమి అక్కడే ఖరారవుతుంది. కాగితం, కలం, రెండు సరైన కారణాలు చేతిలో ఉన్న ఏజెంటు ఆ నిమిషంలో చేసే పని తర్వాత పెద్ద లాయరు కూడా చేయలేడు.

తక్కువ తేడాతో తేలిన ఫలితాలకు తెలుగునాట కొదవ లేదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ స్థానం 25 ఓట్లతో తేలింది. కడప లోక్‌సభ స్థానంలో 1996లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి కందుల రాజమోహన్ రెడ్డిపై 5,445 ఓట్లతో బయటపడ్డారు. అదే స్థానానికి 2011లో జరిగిన ఉప ఎన్నికలో ఆయన కుమారుడు జగన్మోహన్ రెడ్డి మెజారిటీ 5,45,672. మొదటి రెండంకెలూ ఒకటే కావడం తమాషా. మొదటిదానిలో ఓడినవారికి మళ్లీ లెక్కపెట్టమనే ఆశైనా ఉంటుంది. రెండోదానిలో ప్రత్యర్థులకు డిపాజిట్లు కూడా దక్కలేదు.

ఓడినాయన ఊరుకున్నా ఊరుకోని ఓటర్లు: 1969

సీమ నాయకుడొకరు దేశంలోనే పెద్ద పదవికి పోటీచేసి, వివాదం మధ్య ఓడిన సందర్భం 1969 రాష్ట్రపతి ఎన్నిక. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. స్వతంత్రుడిగా దిగిన వి.వి. గిరి బరంపురం తెలుగువాడు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమని ప్రధాని ఇందిరాగాంధీ పిలుపునివ్వడంతో పార్టీ ఓట్లు చీలాయి. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ ఓట్లు తేలాయి.

పోలింగుకు ముందు సంజీవరెడ్డి వ్యక్తిత్వాన్ని కించపరుస్తూ, ఎవరు అచ్చువేశారో పేరులేని ఒక కరపత్రం పార్లమెంటు సభ్యుల మధ్య తిరిగింది. నిజానికి ఆ కరపత్రమే వివాదానికి కేంద్రం. సుప్రీంకోర్టుకు వెళ్లింది మాత్రం ఓడిన సంజీవరెడ్డి కాదు, ఓటర్లైన కొందరు పార్లమెంటు సభ్యులు. శివ్‌కృపాల్ సింగ్ పేరుతో నడిచిన ఆ కేసులో పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కరపత్రం పంచిన మాట నిజమేనని, దానివల్ల ఫలితం తారుమారైనట్టు రుజువు కాలేదని చెబుతూ 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది.

సంజీవరెడ్డి అనంతపురం చేరి సేద్యంలో పడ్డారు. 1977లో జనతా పార్టీ తరఫున కర్నూలు జిల్లా నంద్యాల నుంచి లోక్‌సభకు నిలబడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంటే మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలే. అదే ఏడు జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఓడాక సేద్యం చేసుకుంటూ ఉండటాన్ని కొందరు ఓటమిని హుందాగా స్వీకరించడం అంటారు. అదను కోసం కాచుకోవడం అని కూడా అనవచ్చు. రాజకీయాల్లో ఈ రెండిటికీ తేడా బయటివాళ్లకు కనిపించదు.

ఏకగ్రీవం

సీమ ప్రత్యేకత పంచాయతీ, మండల ఎన్నికల్లో తేటగా కనిపిస్తుంది. ఇక్కడ "పార్టీ" అంటే జెండా ఉన్న రాజకీయ పక్షమే కానక్కర్లేదు. ఊళ్లో ఒక పెద్దింటి వెనక నిలబడే జనాన్నీ పార్టీ అనే అంటారు. మానవ హక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ సీమ ముఠాకక్షల గురించి రాసినవాటిలో ఈ సంగతి పదేపదే కనిపిస్తుంది. కాంట్రాక్టు, రోడ్డు పని, రేషన్ షాపు, స్టేషన్లో పలుకుబడి, అన్నీ ఊరి మీద పట్టు ఎవరిదన్నదాని చుట్టూ తిరుగుతాయి. అలాంటి చోట పోటీకి దిగడమే ధిక్కారం. ఓట్లు లెక్కపెట్టి ఓడించడం కంటే నామినేషన్ వెనక్కి తీయించడం గెలిచే పక్షానికి లాభం: ఖర్చు తప్పుతుంది, అవతలి పక్షానికి ఎన్ని ఓట్లున్నాయో లోకానికి తెలియకుండా పోతుంది. ఈ రెండోది ముఖ్యం. ఓడినా మూడోవంతు ఓట్లు తెచ్చుకున్నవాడు ఊళ్లో తలెత్తుకు తిరుగుతాడు. ఏకగ్రీవంలో అతని బలం సున్నాగా నమోదవుతుంది.

ప్రధాన ప్రత్యర్థి పోటీలో లేని ప్రతిసారీ వెనక బెదిరింపు ఉండదు. 1991 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. పి.వి. మెజారిటీ 5.8 లక్షల దాకా వెళ్లింది. 2014లో ఆళ్లగడ్డ అభ్యర్థి శోభా నాగిరెడ్డి పోలింగుకు ముందే ప్రమాదంలో మరణించారు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు అప్పటికి గుర్తింపు పొందిన పార్టీ హోదా లేకపోవడంతో ఎన్నిక వాయిదా పడలేదు. ఓటింగు యంత్రం మీద ఆమె పేరు అలాగే ఉంది, జనం ఆమెనే గెలిపించారు. తర్వాతి ఉప ఎన్నికలో కుమార్తె అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు.

ప్రభుత్వాలు ఏకగ్రీవ పంచాయతీలకు నజరానా ఇవ్వడం పాత పద్ధతి. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ఉంది. ఆ నజరానా ప్రచారంపై అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ అభ్యంతరం చెప్పారు. అదే ఏడు పురపాలక ఎన్నికల్లో పులివెందులలోని 33 వార్డులూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏకగ్రీవమయ్యాయి. బలవంతంగా నామినేషన్ వెనక్కి తీయించారన్న ఫిర్యాదుల మీద కడప జిల్లా ఎర్రగుంట్ల, రాయచోటి సహా కొన్ని పట్టణాల వార్డుల్లో కమిషనర్ నామినేషన్లను పునరుద్ధరించగా, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఒకసారి ఉపసంహరణ కాగితం అధికారి చేతికి అందాక, అది ఇష్టపూర్వకంగా ఇచ్చిందా కాదా అని తేల్చడం దాదాపు అసాధ్యం. ఆ తర్వాత, 2021 ఏప్రిల్‌లో జరిగిన మండల, జిల్లా పరిషత్ ఎన్నికలను తెలుగుదేశం బహిష్కరించింది. బహిష్కరణ కూడా ఒక రకంగా ఆడకుండానే ఓటమి ఒప్పుకోవడం, అదే నోటితో ఆటే చెల్లదనడం.

పులివెందుల, 2025

నాలుగేళ్లకు పాత్రలు తారుమారయ్యాయి. 2024లో తెలుగుదేశం కూటమి అధికారంలోకి వచ్చింది. సభ్యుడి మరణంతో ఖాళీ అయిన పులివెందుల జడ్పీటీసీ స్థానానికి 2025 ఆగస్టు 12న ఉప ఎన్నిక జరిగింది. అదే రోజు ఒంటిమిట్టలో మరొకటి. పది వేలకు పైచిలుకు ఓటర్లు, 15 పోలింగు కేంద్రాలు ఉన్న చిన్న ఎన్నిక ఇది. అయినా రాష్ట్రమంతా కళ్లు పులివెందుల మీదే.

తమ ఏజెంట్లను కేంద్రాల్లోకి రానివ్వలేదని, పోలింగు కేంద్రాలను ఓటర్ల ఊళ్ల నుంచి పక్క ఊళ్లకు మార్చారని, బయటి మనుషులు వరుసలో నిలబడి ఓట్లు వేశారని వైఎస్సార్ కాంగ్రెస్ ఆరోపించింది. ఎంపీ వై.ఎస్. అవినాష్ రెడ్డిని పోలింగు రోజు పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఇన్నేళ్లూ ఓటు వేసే అవకాశమే లేనివాళ్లు ఇప్పుడు స్వేచ్ఛగా వేశారని తెలుగుదేశం బదులిచ్చింది. రెండు కేంద్రాల్లో మర్నాడు రీపోలింగు పెడితే వైఎస్సార్ కాంగ్రెస్ బహిష్కరించింది. మొత్తం ఎన్నికనే రద్దుచేసి కేంద్ర బలగాల కాపలాలో మళ్లీ జరపాలని జగన్మోహన్ రెడ్డి డిమాండ్ చేశారు. 14న లెక్కింపు. తెలుగుదేశం అభ్యర్థి మారెడ్డి లతారెడ్డికి 6,700కు పైగా ఓట్లు. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి హేమంత్ రెడ్డికి 683, డిపాజిట్ గల్లంతు.

ఆ 683ను ఒక పక్షం జనం తీర్పుగా చూపిస్తుంది, మరో పక్షం రిగ్గింగుకు సాక్ష్యంగా చూపిస్తుంది. దశాబ్దాలుగా వై.ఎస్. కుటుంబమే గెలుస్తూ వస్తున్న చోట అంత తక్కువ ఓట్లు రావడం ఎవరికైనా వింతే. అంతకుముందు 33 వార్డుల్లోనూ ప్రత్యర్థులకు సున్నా రావడం కూడా అంతే వింత. ఈ రెండిటినీ ఒకే కొలతతో కొలిచేవాళ్లు రెండు పార్టీల్లోనూ తక్కువ. స్థానిక ఎన్నికల్లో ఓడినవారు హైకోర్టులో నేరుగా ఫలితాన్ని సవాలు చేయలేరు. రాజ్యాంగం 243ఓ అధికరణ వారిని ఎన్నికల ట్రిబ్యునల్ దగ్గరికి పంపుతుంది. అక్కడ తేలేసరికి పదవీకాలం అయిపోవడం మామూలే. ఓటమి ఒప్పుకోమని ఎవరూ వచ్చి అడగనక్కర్లేదు, గడియారమే ఆ పని చేస్తుంది.

ఊరిలో ఒత్తిడి దీనికంటే మోటుగా ఉంటుంది. ఎన్నికయ్యాక ఓడిన పక్షం వాళ్లు కొన్నాళ్లు ఊరు వదిలి టౌనులో తలదాచుకోవడం సీమలో కొత్త కాదు. రాత్రికి రాత్రి చీనీ చెట్లు నరికేయడం, బోరు మోటారు స్టార్టర్ పగలగొట్టడం ఇక్కడి కక్షల పాత ఆయుధాలు. చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, అంటే ఒక అసెంబ్లీ పదవీకాలమంత. అందుకే సాక్ష్యం చెప్పడానికి కోర్టు మెట్లెక్కాల్సిన ఏజెంటు తన తోటను ఒకసారి చూసుకుని వెనక్కి తగ్గుతాడు.

ఇంకో దిక్కు నుంచి తిరగబడ్డ ఒత్తిడి కూడా ఉంటుంది. నాయకుడు తొందరగా ఓటమి ఒప్పుకుంటే అనుచరులు హడలిపోతారు: ఆయనే చేతులెత్తేస్తే మా గతేంది అని. అందుకే "నైతిక విజయం మాదే" అన్న మాట పుట్టింది. వినేవాళ్లకు నవ్వొచ్చినా, ఊళ్లో మిగిలిపోయిన కార్యకర్తకు అది రక్షణ కవచం.

యంత్రాల మీద అనుమానం

2019లో కర్నూలు జిల్లాలోని 14, కడప జిల్లాలోని 10 అసెంబ్లీ స్థానాలన్నీ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో ఉమ్మడి కర్నూలులో ఆ పార్టీకి 2, ఉమ్మడి కడపలో 3 మిగిలాయి, రాష్ట్రం మొత్తం మీద 11. ఇంత ఊపు వచ్చినప్పుడల్లా ఓడినవాళ్ల చూపు ఈవీఎం మీద పడుతుంది. 2019 ఎన్నికలకు ముందు వీవీప్యాట్ చీటీల్లో సగం లెక్కపెట్టాలని చంద్రబాబు నాయుడు మొదలుకొని 21 పార్టీల నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 8న కోర్టు, అసెంబ్లీ స్థానానికి ఒక యంత్రం బదులు ఐదు యంత్రాల చీటీలు సరిచూడమంది. ఫలితాల రోజున చంద్రబాబు జగన్‌కు అభినందనలు చెప్పి రాజీనామా చేశారు. 2024 జూన్ 4న జగన్ గెలిచినవారికి అభినందనలు చెబుతూనే, పథకాలు అందుకున్నవారి ఓట్లు ఏమయ్యాయో అర్థం కావడం లేదని, ఆధారాలు మాత్రం లేవని అన్నారు. రెండు వారాలకు కాగితపు బ్యాలెట్ కావాలన్నారు. యంత్రాలను తప్పుపట్టే వాదన ఓడిన పార్టీ నుంచి ఓడిన పార్టీకి చేతులు మారుతూ వస్తోంది.

2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఈ అనుమానానికి ఒక దారి చూపింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు ఏడు రోజుల్లో అర్జీ పెట్టుకుంటే, నియోజకవర్గంలో 5 శాతం యంత్రాలను తయారీ సంస్థ ఇంజనీర్లు పరిశీలిస్తారు. ఎన్నికల సంఘం సెట్టుకు 40,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ రుసుము పెట్టింది. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి అలా అర్జీ పెట్టారు, జరిపిన పరిశీలన తీరు నచ్చక హైకోర్టుకు వెళ్లారు. ఆ సెప్టెంబరులో ఆయన జనసేనలో చేరారు.

పట్టువదలనివారు

ఓడినవారి పట్టుదల ఫలితం మార్చిన సందర్భాలూ ఉన్నాయి. 1967లో తాండూరులో డాక్టర్ మర్రి చెన్నారెడ్డి చేతిలో ఓడిన వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెళ్లారు. హైకోర్టు ఎన్నికను రద్దుచేయగా చెన్నారెడ్డి కేంద్ర మంత్రి పదవి వదులుకున్నారు. 1968లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆరేళ్లపాటు పోటీకి అనర్హుడైన చెన్నారెడ్డి ఆ వెంటనే 1969 తెలంగాణ ఉద్యమానికి నాయకుడయ్యారు.

కర్నూలుకు నది అవతల ఉన్న గద్వాలలో 2018లో ఓడిన డి.కె. అరుణను 2023 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు విజేతగా ప్రకటించింది. ప్రత్యర్థి అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారన్నది కారణం. మరుసటి నెల సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇంతలో కొత్త ఎన్నికలు వచ్చేశాయి. జగిత్యాల జిల్లా ధర్మపురిలో 441 ఓట్లతో ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ కేసులో కాగితాలు చూద్దామంటే స్ట్రాంగ్‌రూం తాళంచెవులే కనిపించలేదు. 2023లో తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర ఎన్నికల్లో ఆయన అక్కడే గెలిచారు.

అనంతపురం జిల్లా మడకశిరలో 2014లో ఓడిన ఎం. తిప్పేస్వామి నాలుగున్నరేళ్లు కేసు నడిపారు. గెలిచిన తెలుగుదేశం అభ్యర్థి ఈరన్న కర్ణాటకలోని కేసు వివరాలు అఫిడవిట్‌లో చూపలేదని తేల్చి, 2018 నవంబరులో హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది, తిప్పేస్వామే ఎన్నికైనట్టు ప్రకటించింది. ఆయన ప్రమాణస్వీకారం చేసేసరికి ఆ అసెంబ్లీకి మిగిలింది కొద్ది నెలలే. 2019లో మళ్లీ నిలబడి, ఈసారి ఓట్లతో గెలిచారు. అదే మడకశిరలో 2024 ఫలితం 351 ఓట్ల తేడాతో తేలింది.